ఒంటి కనుబొమ మనిషి కొండకు

టోక్యో నుంచి సొతోబో మార్గంలో రైలెక్కి అవ-అమత్సు స్టేషన్‌లో దిగేసరికి జూన్ ముసురు పట్టి ఉంది. బస్సుల వేళల పట్టికను సరిగా చూసుకోని పాపానికి బస్సు తప్పిపోయి, ట్యాక్సీలో కియోసుమి కొండ ఎక్కవలసి వచ్చింది. కొండపైనున్న సెయిచో-జి ఆలయానికి యాత్రికులు వచ్చేది బౌద్ధ గురువు నిచిరెన్ కోసం. ఆయన 1253లో తన బోధను ప్రకటించింది ఇక్కడే. నేను వచ్చింది మాత్రం కరాటే గురువు మసుతాత్సు ఒయామా కోసం.

కొరియాలో పుట్టి, జపాన్‌లో షోటోకాన్, గోజూ-ర్యూ అనే కరాటే శైలులను నేర్చిన ఒయామా, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మొదట మినోబు కొండమీద, తర్వాత ఈ అడవిలో ఒంటరిగా సాధన చేశాడు. ఊళ్లోకి దిగిపోవాలనిపిస్తే సిగ్గు అడ్డుపడాలని ఒక కనుబొమను గొరిగేసుకున్నాడని చెబుతారు. ఆయన స్థాపించిన శైలి క్యోకుషిన్. 1964లో దానికి టోక్యోలో ప్రధాన కేంద్రం వెలిసింది.

విజయవాడలో బడి ఎగ్గొట్టి, వీడియో గేమ్ పార్లర్‌లో రూపాయి బిళ్లలు తగలేసిన రోజుల్లో ఈ పేర్లేవీ నాకు తెలియవు. 1987 నాటి తొలి స్ట్రీట్ ఫైటర్ ఆటలో తెల్లని దుస్తులతో, తోడెవరూ లేకుండా దేశాలు తిరిగే ర్యూ అనే పాత్రలో ఒయామా ఛాయ ఉందని చాలా ఏళ్ల తర్వాత గాని తెలుసుకోలేదు. ఆ ఆటలో మధ్యమధ్య ఇటుకలు, పలకలు పగలగొట్టే పందేలుంటాయి. దాని దర్శకుడు తకాషి నిషియామా తర్వాత చేరిన ఎస్ఎన్‌కే అనే ఆటల సంస్థ 1992లో ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్ అనే ఆటను తెచ్చింది. అందులో నాయకుడి శైలి పేరే క్యోకుగెన్. అరచేతి అంచుతో సీసాల మెడలు ఎగరగొట్టే పందెం కూడా ఉంది. అది ఒయామా ప్రదర్శనల్లో జనం నోరెళ్లబెట్టి చూసిన విద్యే. ఆటలు ఆయన ఏకాంతాన్నీ, ప్రదర్శననూ తీసుకున్నాయి గాని పోటీ పద్ధతిని తీసుకోలేదని నాకనిపిస్తుంది. క్యోకుషిన్ పోటీల్లో ముఖంమీద పిడిగుద్దు నిషిద్ధం. ఛాతీమీద, తొడలమీద పూర్తి బలంతో పడే దెబ్బలే ఎక్కువ. తొడమీద పదోసారి తగిలిన తన్నుకు కుంటే మనిషిని తెరమీద చూడటానికి ఏ కుర్రాడు రూపాయి వేస్తాడు?

ఆలయం దాటి అడవిదారిలో కొంత దూరం నడిచాను. సుగి అనే జపాన్ దేవదారు చెట్ల ఎర్రటి బెరడు తడిసి, పీచుపీచుగా వేలాడుతోంది. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, ఒక చెట్టుమీద పిడికిలితో మెల్లగా గుద్దాను. బెరడు మెత్తగా అణిగింది. దాని వెనకనున్న కాండం మాత్రం కణుపులకు బాగానే తెలిసింది. తిరుగు రైలులో మేజోడు ఎందుకో తడిగా తోచి విప్పితే, చీలమండ దగ్గర వేలెడు జలగ నెత్తురు తాగి ఉబ్బి ఉంది. నేను ఆ అడవిలో గడిపింది మొత్తం నలభై నిమిషాలు.