ప్రింటర్‌లో ఎంజైమ్ ఎక్కడ చచ్చింది?

"తమ్మీ, ఇందుల రంగు పోస్తలేవు కదా, మరేం పోస్తున్నవ్?" హన్మకొండ చౌరస్తా దగ్గర కార్ట్రిడ్జ్‌లు రీఫిల్ చేసే అన్న అడిగాడు. ఎంజైమ్ అన్నాను. "బట్టల సర్ఫుల ఉంటదంటరు, గదేనా?" అన్నాడు. దాని చుట్టమే అని చెప్పి, ఖాళీ నల్ల కార్ట్రిడ్జ్‌లు ఆరు తీసుకొని వచ్చాను. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు అలా మొదలైంది.

చేయాల్సింది చెప్పడానికి చిన్నదే. కాగితం మీద రెండు ఎంజైమ్‌లను, అంటే రసాయన చర్యలను వేగం చేసే ప్రొటీన్‌లను, ఇంక్‌జెట్‌తో అచ్చు వేయాలి. గ్లూకోజ్ నీళ్లు తగిలిన చోట రంగు రావాలి. మొదటిది గ్లూకోజ్ ఆక్సిడేజ్. అది గాలిలోని ఆక్సిజన్‌ను వాడుకొని గ్లూకోజ్‌ను మారుస్తుంది, ఆ పనిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. రెండోది హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్. ఆ పెరాక్సైడ్ సాయంతో పొటాషియం అయోడైడ్ నుంచి అయోడిన్‌ను బయటికి తెస్తుంది. అప్పుడు కాగితం మీద గోధుమరంగు మచ్చ పడుతుంది. ద్రవం కొలిచి వదిలే పిపెట్‌తో చేత్తో చుక్కలు పెడితే ఒక్కో మచ్చ ఒక్కో సైజు. ప్రింటర్ వేసే చుక్క పికోలీటర్లలో (లీటరులో లక్ష కోట్లో వంతు) ఉంటుంది, ఎన్నిసార్లు వేసినా దాదాపు అంతే ఉంటుంది. అందుకే ఈ తిప్పలన్నీ.

మా దగ్గరున్నది థర్మల్ రకం ప్రింటర్. నాజిల్ వెనక సన్నని హీటర్ కొన్ని మైక్రోసెకన్ల పాటు సుమారు 300 డిగ్రీలకు వేడెక్కుతుంది, అక్కడ ఆవిరి బుడగ లేచి చుక్కను ముందుకు తోస్తుంది. ఎప్సన్ వాళ్ల పియెజో పద్ధతిలో ఈ వేడి ఉండదు, ఒక స్ఫటికం వంగి చుక్కను నెడుతుంది. కానీ ఆ రకంలో చుక్కలు చిమ్మే హెడ్డు ప్రింటర్‌లోనే ఉంటుంది. ప్రొటీన్ గడ్డకట్టి ఇరుక్కుంటే ప్రింటరే పోయినట్టు. మాదాంట్లో హెడ్డు కార్ట్రిడ్జ్‌కే ఉంటుంది, పాడైతే పారేయొచ్చు. ఈ లెక్క నాకు నచ్చింది. క్లాసులో మాత్రం అందరిదీ ఒకటే మాట: "300 డిగ్రీలంటే కోడిగుడ్డు ఉడికినట్టు ఉడుకుతది."

మొదటి ప్రింట్ తీశాను. ఫిల్టర్ పేపర్‌ను ఎ4 కాగితానికి టేపుతో అంటించి, వర్డ్‌లో నల్ల చతురస్రాలు గీసి, నలుపు మాత్రమే అని సెట్టింగ్ పెట్టి లోపలికి పంపాను. ఆరాక అయోడైడ్ కలిపిన గ్లూకోజ్ నీళ్లు చల్లాను. ఏమీ రాలేదు. అరగంట చూసినా తెల్లగానే ఉంది. "ఉడికింది" అన్నారు మావాళ్లు. నేనూ అదే అనుకొని మేడమ్ దగ్గరికి వెళ్తే ఆమె ఒకటే అడిగారు: "చచ్చిందంటున్నావు సరే, ఎక్కడ చచ్చింది?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి నెలన్నర పట్టింది.

దారి పొడుగునా నమూనాలు తీయడం మొదలుపెట్టాను. మంచులో పెట్టిన అసలు ద్రావణం ఒకటి. కార్ట్రిడ్జ్‌లో పోసి, ప్రింట్ చేయకుండానే వెనక్కి తీసింది ఒకటి. ప్రింటర్ చిమ్మింది ఇంకొకటి. దీన్ని పట్టడమే కష్టం. ఓహెచ్‌పీ షీట్ (పారదర్శక ప్లాస్టిక్) మీద చతురస్రం అచ్చు వేసి, తడి ఆరకముందే బఫర్‌తో (ఆమ్లత మారకుండా పట్టి ఉంచే ద్రావణం) కడిగి ట్యూబులోకి దింపాను. ఎంత ద్రవం బయటికి వచ్చిందో తెలియడానికి కార్ట్రిడ్జ్‌ను ముందూ తర్వాతా తూచాను. చివరిగా, కాగితం మీద ఆరిపోయినవి రెండు: పిపెట్‌తో పెట్టిన చుక్క ఒకటి, ప్రింట్ చేసిన చుక్క ఒకటి.

మొదటి రోజే పరువు పోయింది. మంచులో ఉన్న అసలు ద్రావణంలోనే పెరాక్సిడేజ్ పని చేయడం లేదు. ప్రింటర్ దాకా పోనే లేదు! ఫ్రిజ్‌లో ఉన్న బఫర్ సీసా మీద పాత సీనియర్ చేతిరాత ఉంది, బూజు పట్టకుండా సోడియం అజైడ్ కలిపినట్టు. పెరాక్సిడేజ్ మధ్యలో ఇనుమున్న హీమ్ ఉంటుంది, అజైడ్ దెబ్బ కొట్టేది అక్కడే. ఇన్నాళ్లూ నేను విషం కలిపి, నిందేమో హీటర్ మీద వేస్తున్నాను.

బఫర్ కొత్తగా కలిపాక కథ ముందుకు జరిగింది. ఈసారి పోసిన వెంటనే వెనక్కి తీస్తే బాగుంది, రాత్రంతా కార్ట్రిడ్జ్‌లో ఉంచి పొద్దున తీస్తే సగం నీరసం. అనుమానం స్పాంజి మీదికి పోయింది. ప్రొటీన్‌కు ఏ ఉపరితలం దొరికినా అంటుకుపోయే గుణం ఉంది. స్పాంజి అంటే ఉపరితలాల పుట్ట. పైగా పాత ఇంకు, దానిలోని బూజు మందు ఎంత కడిగినా మూలల్లో మిగులుతాయి. స్పాంజి పీకేస్తే పోలేదా అనుకొని పీకాను. నాజిళ్ల నుంచి ధార కట్టి ప్రింటర్ అడుగంతా తడిసింది. ద్రవాన్ని వెనక్కి పట్టి ఉంచేది ఆ స్పాంజే అని అప్పుడు తెలిసింది. మళ్లీ పెట్టి, నీళ్లు పోసి పిండితే రంగు రాకుండా పోయేదాకా కడిగి, అసలు ఎంజైమ్ కంటే ముందు చవకైన బొవైన్ సీరం అల్బుమిన్ (ఆవు రక్తంలోని ప్రొటీన్) ద్రావణం తాగించాను. అంటుకునే జాగాలన్నీ అదే ఆక్రమించుకుంటుంది. పోసిన పూటే ప్రింట్ తీయడం, మిగిలింది పారబోయడం అలవాటు చేసుకున్నాను. పారబోసేటప్పుడు ప్రాణం పోయేది, ఆ ఎంజైమ్ ధర అలాంటిది.

ద్రావణంలో కొంచెం గ్లిసరాల్, చిటికెడు ట్రైటాన్ ఎక్స్-100 అనే సబ్బులాంటి ద్రవం కూడా కలపాలి. గ్లిసరాల్ నాజిల్ కొన ఎండిపోకుండా చూస్తుంది. ట్రైటాన్ తలతన్యత తగ్గిస్తుంది, గాలీ నీరూ కలిసే అంచున ప్రొటీన్ విచ్చుకుపోకుండా కాపాడుతుంది. అయితే పాత ట్రైటాన్ సీసాలో పెరాక్సైడ్లు పుట్టి ఉంటాయి, వాటితో గ్లూకోజ్ లేకుండానే రంగు వస్తుంది. నాకు రెండు రోజులు దండగ అయ్యాయి. కలిపేటప్పుడు సల్ల చిలికినట్టు చిలకొద్దు. నురగ లేస్తే ఎంజైమూ పాడే, నాజిల్‌లో బుడగా ఇరుక్కుంటుంది.

ఇక అందరూ భయపెట్టిన హీటర్. చిమ్మకముందుకీ చిమ్మిన తర్వాతకీ తేడా ఉంది కానీ చాలా తక్కువ. ఆ వేడి తగిలేది హీటర్‌ను ఆనుకున్న పలుచని పొరకే, అదీ కన్నుమూసి తెరిచేలోపు. చుక్కలో మిగతాదంతా చల్లగానే బయటపడుతుంది. హీటర్‌తో నాకు వచ్చిన చిక్కు వేరు: వరసగా కొన్ని పేజీలు తీస్తే గీతలు సన్నబడేవి. అన్నం గిన్నె అడుగున మాడు పట్టినట్టు, హీటర్ మీద ప్రొటీన్ మాడు పేరుకుంటుంది. ఈ రంగంలో దీన్ని కొగేషన్ అంటారు. దానికి మూలమైన జపాను మాట 'కొగె'కు అర్థం కూడా మాడే. ఎంజైమ్ చావలేదు, హెడ్డు చచ్చింది. ఆరు కార్ట్రిడ్జ్‌లలో నాలుగు అలా పోయినవే.

అసలు చావు కాగితం మీద ఆరేటప్పుడు. పిపెట్‌తో పెట్టినా, ప్రింటర్‌తో వేసినా, ఆరాక రెండూ ఒకేలా కుంగిపోయాయి. పైగా అది మే నెల, మా ల్యాబ్ గదిలో మధ్యాహ్నం 40 దాటుతుంది. ఎనుమాముల మార్కెట్ చుట్టూ మిర్చికి అన్ని కోల్డ్ స్టోరేజీలు ఎందుకో రైతు కొడుకుగా నాకు తెలుసు, కానీ ఎంజైమ్ అచ్చు వేసిన నా కాగితం పట్టీలను మాత్రం డెస్కు సొరుగులో పడేశాను. మందు ట్రెహలోజ్ అనే చక్కెర. నీరు పోతుంటే అది గాజులా గట్టిపడి ప్రొటీన్ చుట్టూ నిలుస్తుంది, ఆకారం చెదరనివ్వదు. చక్కెర కలిపితే పట్టీ తనంతట తానే రంగు తిరగదా అని భయపడ్డాను. తిరగలేదు. ట్రెహలోజ్‌లో రెండు గ్లూకోజ్‌లే ఉన్నా, అవి ముడిపడి ఉన్నంతసేపు గ్లూకోజ్ ఆక్సిడేజ్ వాటిని ముట్టదు. ఫ్యాన్ కింద ఆరబెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో సీసాలో మూసి, ఫ్రిజ్‌లో పెట్టాను. మూడు వారాల తర్వాత తీసినవి కూడా మచ్చ చూపించాయి.

ఒక పట్టీ తీసుకెళ్లి రీఫిల్ అన్నకు చూపించాను. ఆయన ఊరుకుంటాడా, పక్క హోటల్ నుంచి గ్లాసుడు నీళ్లు తెప్పించి రెండు చెంచాల చక్కెర కలిపి ముంచాడు. తెల్లగానే ఉంది.

"నీ ఎంజైమ్ సచ్చింది తమ్మీ."

"అది చక్కెర అన్నా, గ్లూకోజ్ కాదు. గ్లూకాన్-డి ఉందా?"

ఎదురు మెడికల్ షాపుకు పిల్లగాణ్ని పంపాడు.