ఎక్స్‌పైరీ డేట్లు చూస్తానన్నాకే పని దొరికింది

ఫార్మసీ మూడో సంవత్సరం పరీక్షలు అయిన మర్నాడే రెజ్యూమే రాయడానికి కూర్చున్నాను. పేరు, చదువు, మార్కులు అయ్యాయి. 'అనుభవం' దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ల్యాబ్‌లో టాబ్లెట్లు ఒత్తాం, ఆయింట్‌మెంట్లు కలిపాం, టాబ్లెట్ ఎంతసేపట్లో కరుగుతుందో గడియారం పెట్టుకుని చూశాం. మందు కోసం వచ్చిన మనిషితో మాత్రం అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడింది లేదు.

రెండు నెలల్లో 43 మెయిళ్లు పంపాను. జవాబులు వచ్చినవి ఐదు. మూడింట్లో ఖాళీలు లేవన్నారు, నాలుగోదాంట్లో ఏడాది అనుభవం ఉంటే రమ్మన్నారు. ఆ ఏడాది అనుభవం కోసమే కదా నేను అడుగుతున్నది! పట్టా చేతికొచ్చిన సీనియర్లే ఖాళీగా కూర్చున్నారు, ఇంకా చదువుతున్నవాళ్లను పిలిచేదెవరు? ఐదోదాంట్లో మాత్రం వెంటనే రమ్మన్నారు. మూడు నెలలు రోజంతా జీతం లేకుండా చేయాలట, పైగా 'ట్రైనింగ్ డిపాజిట్' మనమే కట్టాలట. పని నేర్చుకోవడానికి కష్టపడతాను గానీ పని చేసి ఎదురు డబ్బు ఇవ్వడమేమిటి? అటు వెళ్లలేదు.

ఇక మెయిళ్లు మానేసి మందుల షాపులకు నేరుగా వెళ్లి అడగడం మొదలుపెట్టాను. మొదటి మూడు చోట్ల గుమ్మం దగ్గరే పంపేశారు. తప్పు నాదే, సాయంత్రం జనం కిక్కిరిసి ఉన్నప్పుడు వెళ్లాను. నాలుగోచోటికి మధ్యాహ్నం వెళ్తే ఒక పెద్దాయన కూర్చోబెట్టి మాట్లాడారు. పని ఇవ్వలేదు కానీ ఎందుకు ఇవ్వలేరో చెప్పారు. "నువ్వు కౌంటర్‌లో నిలబడితే నీ పక్కన నేను నిలబడాలి. నువ్వు తీసిన ప్రతి స్ట్రిప్ మళ్లీ నేను చూడాలి. తప్పు మందు వెళ్తే జవాబు చెప్పాల్సింది నేను. ఇద్దరి పని ఒక్కడినే చేస్తున్నాను, నిన్ను చూసుకునే తీరిక నాకెక్కడిది బాబూ?"

ఆ మాట నాలుగు రోజులు చెవిలో తిరిగింది. అప్పటిదాకా నా రెజ్యూమే నిండా నాకేం కావాలో ఉంది. నేర్చుకోవాలని ఉంది, అవకాశం ఇవ్వండి, నా ఆశయం ఇది... చదివేవాళ్లకు దానిలో కనిపించేది అదనపు చాకిరీ. కౌంటర్ జోలికి, రోగుల వివరాల జోలికి పోకుండా చేయగలిగే పని ఏముంటుందా అని ఆలోచించాను. ఎక్స్‌పైరీ డేట్లు చూడటం, వచ్చిన సరుకును బిల్లుతో సరిచూడటం, వెనక్కి పంపాల్సినవి విడిగా కట్టడం, ఫ్రిజ్ టెంపరేచర్ రాయడం. అందరూ రేపు చేద్దాంలే అని పక్కన పెట్టే పనులు.

పాత లెటర్ తీసేసి ఐదు వాక్యాలు రాసుకున్నాను: "ఫార్మసీ మూడో సంవత్సరం పూర్తిచేశాను. మీ స్టాకు మొత్తానికి ఎక్స్‌పైరీ చూసి, మూడు నెలల్లోపు అయిపోయేవాటి లిస్టు రాసిస్తాను. వారానికి మూడు మధ్యాహ్నాలు, రెండు వారాలు వస్తాను. మందులు ఇవ్వను, బిల్లింగ్ ముట్టుకోను. పని నచ్చితే ఆ తర్వాత మాట్లాడుకుందాం." ఈ కాగితంతో తొమ్మిది చోట్లకు వెళ్లాను. తొమ్మిదో చోట మేడమ్ కాగితం రెండుసార్లు చదివి, "ఇవాళే మొదలుపెడతావా?" అన్నారు.

మొదటిరోజు నాలుగు గంటల్లో రెండు ర్యాకులు కూడా పూర్తికాలేదు. నెల, సంవత్సరం మాత్రమే ఉంటే, వేరేగా రాయనంతవరకు ఆ నెల చివరి రోజు దాకా వాడొచ్చని క్లాసులో విన్నదే. కానీ స్ట్రిప్ కత్తిరించి ఇచ్చేటప్పుడు డేటు ఉన్న ముక్కే వెళ్లిపోతే మిగిలిన టాబ్లెట్లను ఏం చేస్తారు? ఈ ప్రశ్న ఏ క్లాసులోనూ రాలేదు. మేడమ్ దగ్గర డేటు లేని వైపు నుంచే కత్తిరించాలనే రూలు ఉంది. ముందు అయిపోయేది ముందు వరసలో, కొత్తది వెనక. వినడానికి ఎంత తేలికో, సరుకు పెట్టెలు మీద పడ్డప్పుడు పాటించడం అంత కష్టం.

ఫ్రిజ్ పుస్తకం కూడా నా చేతికే వచ్చింది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజుకు రెండుసార్లు చూసి రాయాలి, నేను రాని పూటలు మేడమ్ రాసేవారు. ఇన్సులిన్ పెట్టెలు ఫ్రిజ్ వెనక గోడకు ఆనకూడదు. అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగి మామూలుగా కనిపించినా పారేయాల్సిందే.

రెండో వారంలో పొరపాటు చేశాను. కొత్త సరుకు సర్దుతూ హైడ్రాక్సిజిన్, హైడ్రలజైన్ రెండూ ఒకే ట్రేలో పెట్టేశాను. ఒకటి అలర్జీకి, దురదకు ఇచ్చేది. రెండోది బీపీకి. పేర్లు దగ్గర, రెండూ 25 మిల్లీగ్రాములే. సాయంత్రం వెళ్లబోతుంటే మేడమ్ ట్రే చూపించి ఏమీ అనకుండా నిలబడ్డారు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. తర్వాత ఒక నోటుబుక్కు ఇచ్చి, ఏం జరిగింది, ఎందుకు జరిగింది రాయమన్నారు. తప్పు రోగి దాకా వెళ్లకుండా ఆగినా సరే రాయాలట. ఆ పుస్తకంలో ఆవిడ రాసుకున్నవి కూడా ఉన్నాయి. ఆ రాత్రి ఇంటికెళ్లి ఆ షాపులో ఒకేలా వినిపించే పేర్లు, ఒకేలా కనిపించే పెట్టెలు ఎన్ని ఉన్నాయో గుర్తొచ్చినంత రాశాను. మర్నాడు ఆ లిస్టు చూశాకే నన్ను కౌంటర్ వెనక నిలబడి వినమన్నారు.

వినడమే, మాట్లాడటం లేదు. అసలు చదువు అక్కడే మొదలైందని నా అభిప్రాయం. మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి వారానికి ఒకసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మేడమ్ "అర్థమైందా?" అని అడగరు. "వారంలో ఏ రోజు వేసుకుంటారు?" అని అడిగి, చెప్పిన రోజు పేరు కవరు మీద రాస్తారు. అర్థమైందా అంటే ఎవరైనా అయిందనే అంటారు కదా. ఇన్‌హేలర్ వాడటం వచ్చన్నవాళ్లను కూడా ఒకసారి చేసి చూపించమంటారు. మందు నొక్కడానికీ గాలి పీల్చడానికీ పొంతన కుదరనివాళ్లు ఎంతమందో! ఏళ్లుగా వాడుతున్నవాళ్లు కూడా.

రెండు వారాలు అయ్యాక జీతం గురించి అడగడానికి పడ్డ టెన్షన్ వైవాలో కూడా పడలేదు. ఎక్స్‌పైరీ దగ్గరపడుతున్నాయని నేను చూపించినవాటిలో చాలా పెట్టెలు గడువులోగా కంపెనీలకు వెనక్కి వెళ్లాయి. ఆ లిస్టు ముందు పెట్టి అడిగాను. స్టాకు పని చేసిన గంటలకు ఇస్తానన్నారు. పెద్ద మొత్తమేమీ కాదు. ఊరికే పనిచేయడం రెండు వారాలకు మించకూడదని నాకు నేనే గీత గీసుకున్నాను, అడగకపోతే ఆ గీత ఎక్కడికైనా జరుగుతుంది.

ఒక విషయంలో మాత్రం నష్టపోయాను. ఈ గంటలను కాలేజీ ట్రైనింగ్ లెక్కలో కలుపుకోవచ్చనుకున్నాను. తీరా అడిగితే పర్యవేక్షించే ఫార్మసిస్ట్ వివరాలతో ముందే ఫారం ఇచ్చి ఒప్పుకోలు తీసుకోవాలన్నారు. అప్పటిదాకా చేసిన గంటలన్నీ గంగలో కలిశాయి. ఫారం ఇచ్చాక చేసినవే లెక్కకొచ్చాయి, వాటికి మేడమ్ రోజూ సంతకం పెట్టారు.

ఆర్నెల్ల తర్వాత ఇంకోచోట ఇంటర్వ్యూకు వెళ్లాను. రెజ్యూమేలో ఈసారి 'అనుభవం' కింద నాలుగు లైన్లు ఉన్నాయి. ఆయన అవేవీ అడగలేదు. "పనిలో నువ్వు చేసిన తప్పు ఒకటి చెప్పు" అన్నారు. హైడ్రాక్సిజిన్ ట్రే సంగతి మొత్తం చెప్పాను. ఆయన కాసేపు నా వైపే చూసి, లోపలికి తిరిగి "మన దగ్గర ఆ రెండూ ఎక్కడ పెడుతున్నారు?" అని కేకేశారు.

ర్యాకు దగ్గర ఉన్న అబ్బాయి వెతికి, రెండు పెట్టెలూ ఒకే చేత్తో తీసుకొచ్చాడు.