నలభైకి దగ్గరపడ్డవాళ్ళని ఐడీ అడిగితే

"మనవాడివై ఉండి నన్నే కార్డు అడుగుతావా?" ఇంగ్లండ్‌లో కార్నర్ షాపు కౌంటర్ల వెనక నిలబడే తెలుగు పిల్లలు తరచూ పడే మాట ఇది. అనేది విజయవాడ నుంచి వచ్చి ఉద్యోగంలో కుదురుకుని, పిల్లల్ని బడికి పంపుతున్న పెద్దమనిషి. పడేది ఏ గుంటూరు నుంచో చదువుకోవడానికి వచ్చి, కాలేజీ రోజుల్లో వారానికి 20 గంటలకి మించకుండా పని చేసుకుంటున్న కుర్రాడు. మధ్యలో ఉన్నది ఒక వైన్ సీసా. తెల్లవాళ్ళు అడిగితే సరేలే అని చూపించే మనిషికే మనవాడు అడిగేసరికి మొహం మాడిపోతుంది. వెనకాల లైన్లో జనం, పక్కన భార్య. కోపం రావడం నాకు అర్థమవుతుంది. కానీ ఆ కుర్రాడి నెత్తిన ఏముందో తెలిస్తే ఆ మాట అనరని నా నమ్మకం.

ఇక్కడ మందు, సిగరెట్లు, వేప్‌లు (ఎలక్ట్రానిక్ సిగరెట్లు) కొనాలంటే 18 నిండాలి. షాపులు మాత్రం "ఛాలెంజ్ 25" అనే పద్ధతి పెట్టుకుంటాయి. చూడ్డానికి పాతికేళ్ళలోపు అనిపించినవాళ్ళని ఎవరినైనా సరే అడగాలి. పదిహేడేళ్ళవాడికీ పంతొమ్మిదేళ్ళవాడికీ తేడా మొహం చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. ఏడేళ్ళ ఎడం ఉంటే, అంచనా కాస్త తప్పినా మైనరుకి అమ్మే ప్రమాదం ఉండదు. స్కాట్లండ్‌లో 2011 అక్టోబరు నుంచి మందు అమ్మే చోట ఇది చట్టమే. ఇంగ్లండ్‌లో వయసు చూసే పద్ధతి ఏదో ఒకటి ఉండి తీరాలన్నది లైసెన్సు షరతు, 25 అన్న అంకె షాపులవాళ్ళు ఎంచుకున్నది. నున్నగా గడ్డం గీసుకుని, చలికి టోపీ కళ్ళదాకా లాక్కుని వచ్చిన ముప్ఫై ఆరేళ్ళ మనిషిని అడిగారంటే "నువ్వు మైనరువి" అన్నట్టు కాదు. "పాతికో కాదో తేల్చుకోలేకపోతున్నాను" అన్నట్టు.

జరిమానా సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. మైనరుకి మందు అమ్మితే మొదట పట్టుబడేది షాపు యజమాని కాదు, టిల్ (బిల్లు కొట్టే యంత్రం) మీద నిలబడ్డ మనిషి. అక్కడికక్కడే వేసే పెనాల్టీ 90 పౌండ్లు. కేసు కోర్టుకి వెళితే జరిమానాకి పైపరిమితి లేదు. సిగరెట్లయితే 2,500 పౌండ్ల దాకా వెయ్యొచ్చు. మూడు నెలల్లో రెండుసార్లు మైనర్లకి అమ్మినట్టు తేలితే ఆ షాపులో మందు అమ్మకం 48 నుంచి 336 గంటల దాకా ఆపించొచ్చు. పైగా షాపుల్ని తనిఖీ చేసే ట్రేడింగ్ స్టాండర్డ్స్ వాళ్ళు, పోలీసులు పద్దెనిమిది నిండని పిల్లల్నే పంపి కొనిపిస్తారు. వచ్చింది మామూలు గిరాకీయో పరీక్షో తెలిసే వీల్లేదు. తరువాత వీసా పొడిగించుకునేటప్పుడు ఫారంలో శిక్షల గురించి, పెనాల్టీల గురించి అడుగుతారు. మీకు పోయేది ఆ సాయంత్రం ఒక సీసా. ఆ పిల్లవాడికి పోయేది అప్పుచేసి ఇక్కడిదాకా తెచ్చుకున్న బతుకు.

కౌంటర్ దగ్గర జరిగేది ఇదీ. సీసా స్కాన్ చేయగానే టిల్ ఆగిపోతుంది. తెర మీద ఒక తేదీ వస్తుంది, ఆ రోజుకి సరిగ్గా 18 ఏళ్ళ కిందటిది. పుట్టినరోజు ఆ తేదీనో అంతకు ముందో ఉంటేనే నొక్కాలి. అడిగిన కార్డుని పర్సులో ప్లాస్టిక్ అరలోంచి చూపిస్తే చాలదు, బయటికి తీసి చేతికివ్వాలి. ముందు ఫోటో, తరువాత పుట్టినతేదీ, తరువాత గడువు చూస్తారు. హోలోగ్రామ్ వెలుగులో తిప్పితే మారుతోందా అని చూస్తారు, అంచు గోటితో తడుముతారు. డ్రైవింగ్ లైసెన్సు నంబరులో ఇంకో ఆధారం ఉంది. మొదటి అయిదు స్థానాలు ఇంటిపేరువి. కోట లాంటి ఇంటిపేరు ఇంగ్లీషులో నాలుగక్షరాలే కాబట్టి అయిదో చోట 9 వేస్తారు. ఆ తరువాత వచ్చే ఆరంకెలు పుట్టినతేదీ. 1998 మార్చి 14న పుట్టిన మగవాడికి 903148 అని ఉంటుంది. మొదటి 9, చివరి 8 కలిపి 98వ సంవత్సరం, మధ్యలో నెల, రోజు. ఆడవాళ్ళకి నెలలో మొదటి అంకెకి 5 కలుపుతారు, అందుకని అదే తేదీ 953148 అవుతుంది. కార్డు మీద పుట్టినతేదీ దిద్దినవాడు ఈ నంబరు దిద్దడం మర్చిపోతే అక్కడే దొరికిపోతాడు.

ఇక మనవాళ్ళు తీసి చూపించేవి. ఆధార్, పాన్, మన రవాణాశాఖ ఇచ్చిన లైసెన్సు, యూనివర్సిటీ ఐడీ, ఫోనులో పాస్‌పోర్టు ఫోటో. ఇవేవీ పనికిరావు. కార్డులో ఫోటో, పుట్టినతేదీ, హోలోగ్రామ్ లాంటి భద్రతా గుర్తు మూడూ ఉండాలి. వాటిని పోల్చుకోవడానికి కౌంటర్ మనిషికి శిక్షణ ఉండాలి. ఆధార్ అసలుదో నకిలీదో లీడ్స్‌లో ఉన్న అమ్మాయికి ఎలా తెలుస్తుంది? ఒకప్పుడు జేబులో వీసా వివరాలుండే బీఆర్పీ కార్డు ఉండేది. 2024 డిసెంబరు 31తో వాటి కాలం చెల్లింది, వీసా ఆన్‌లైన్‌కి మారింది. ఆ ఆన్‌లైన్ వీసా చూపించడానికి ఉద్యోగానికీ అద్దె ఇంటికీ ఇచ్చే షేర్ కోడ్ షాపులో చెల్లదు. మిగిలింది పాస్‌పోర్టు. దాన్ని జేబులో పెట్టుకు తిరగడం ప్రమాదం, పోతే కొత్తది వచ్చేదాకా ప్రాణం మీదికి వస్తుంది.

అందుకని బండి నడిపే ఉద్దేశం లేకపోయినా దిగిన కొత్తలోనే ప్రొవిజనల్ లైసెన్సుకి, అంటే బండి నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సుకి, దరఖాస్తు పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, పోస్టులో 43. కనీసం 185 రోజులు ఉండటానికి అనుమతి ఉండాలి. గత మూడేళ్ళ చిరునామాలు అడుగుతారు కాబట్టి గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు మారి ఉంటే ఆ తేదీలు రాసి దగ్గర పెట్టుకోండి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వండి. "పాస్" (PASS) అనే వయసు రుజువు పథకం హోలోగ్రామ్ ఉన్న కార్డులు కూడా ఉన్నాయి, అవీ చెల్లుతాయి.

మందు ముట్టనివాళ్ళు ఇదంతా తమకి కాదనుకుంటారు. మొదటి వారంలో సామాన్లకి వెళ్ళినప్పుడు కూరగాయల కత్తి దగ్గర ఆపుతారు, దానికీ 18 నిండాలి. లాటరీ టికెట్టుకి 2021 దాకా 16 ఉండేది, ఇప్పుడు 18. దీపావళి మందుగుండుకీ 18, అదీ ఏడాది పొడవునా దొరకదు. పండగకి మూడు రోజుల ముందు నుంచి పండగ రోజు దాకా, మిగతా కొన్ని తేదీల్లో మాత్రం మామూలు షాపుల్లో అమ్ముతారు. జ్వరం మాత్రలు ఇంకో రకం. మామూలు షాపులో పారాసిటమాల్ పెట్టెకి 16 మాత్రలే, అవీ ఒకేసారి రెండు పెట్టెలకి మించి ఇవ్వరు. 1998 నుంచి పెట్టెలు చిన్నవి చేశారు, ఇంట్లో నిలవుంటే ఎక్కువ మింగి ప్రాణాలు తీసుకుంటున్నారని.

అన్నిటికంటే ఎక్కువ రభస తండ్రీకొడుకులు కలిసి వచ్చినప్పుడు. కొడుకు చదువు చూద్దామని గుంటూరు నుంచి వచ్చిన అరవై ఏళ్ళ నాన్న. సీసాలు బెల్టు మీద పెట్టింది కొడుకు, డబ్బు తీసింది నాన్న. కార్డు కొడుకుని అడుగుతారు, అతని దగ్గర లేదంటే నాన్నకీ ఇవ్వరు. "నా తల నెరిసింది కనబడట్లేదా" అని ఆయన గొంతు లేస్తుంది. మైనరు కోసం పెద్దవాళ్ళు కొనివ్వడం ఇక్కడ నేరం. తల్లిదండ్రులతో సరుకులకి వచ్చిన పసిపిల్లల సంగతి వేరు. ఇరవై దగ్గర్లో ఉన్నవాడు సీసా ఎంచుకుని తన చేత్తో పెడితే అది ఎవరికోసమో అన్న అనుమానం వస్తుంది. వెళ్ళే ముందు కొడుకు జేబులో కార్డు ఉందో లేదో చూసుకుంటే ఆ పెద్దాయనకి ఈ తలవంపు ఉండదు.

మన ఊరితో పోల్చుకోకుండా ఉండలేం. చట్టాలు అక్కడా ఉన్నాయి, ఇంకా గట్టివి. ఆంధ్రలో మందుకి 21 నిండాలి. పద్దెనిమిది లోపు వాళ్ళకి పొగాకు అమ్మకూడదని 2003 చట్టం, బడికి 100 గజాల లోపల అసలే అమ్మకూడదు, షాపు ముందు 60 సెంటీమీటర్ల పొడుగు, 30 ఎత్తు బోర్డు ఉండాలి. పిల్లలకి మందుగానీ పొగాకుగానీ ఇస్తే 2015 బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న గుంటూరు మనది, ఈ సరుకు గురించి మనకి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా "ఒరే, బడ్డీ కొట్టుకెళ్ళి బాబాయికి ఒక సిగరెట్టు పట్రా" అంటే పదేళ్ళవాడు వెళతాడు, కొట్టువాడు ఇస్తాడు. సిగరెట్టు ఎవరిదో వాడికి తెలుసు కాబట్టి.

అదే నన్ను తొలిచేది. ఆ కొట్టువాడు కార్డు అడగడు, కానీ అదే పిల్లవాడు పదహారేళ్ళప్పుడు తనకోసం కొనుక్కోబోతే "ఫలానా మాస్టారి అబ్బాయివి కదూ, నాన్నగారికి చెప్పనా?" అంటాడు. సాయంత్రానికి ఆ కబురు ఇల్లు చేరుతుంది. ఏ హోలోగ్రామూ చేయలేని పని అది. ఇక్కడ ఆ చనువు లేక ప్లాస్టిక్ ముక్క చూపించాల్సి రావడం మనసుకి కష్టంగానే ఉంటుంది. నిజమే. కానీ ఆ కాపలా మాస్టారి అబ్బాయికే దొరికింది. విజయవాడ బెంజి సర్కిల్ హాస్టళ్ళలో ఉన్న పక్క జిల్లా పిల్లల్ని ఎవరబ్బాయివని ఎవరడుగుతారు? హోటల్లో బల్లలు తుడిచే కుర్రాణ్ణి ఎవరడ్డుకుంటారు? ఇక్కడ కార్డు అందరినీ అడుగుతారు. ఈ ఒక్క విషయంలో ఈ దేశం పద్ధతే నాకు నచ్చింది, ఇష్టం లేకుండానే ఒప్పుకుంటున్నాను.

ఒకసారి కాదన్నాక వాదించి లాభం లేదు. కౌంటర్ కింద ఒక పుస్తకం ఉంటుంది. తేదీ, టైము, ఏ సరుకు, మనిషి ఎలా ఉన్నాడు, ఎందుకు ఇవ్వలేదు, కింద సంతకం. తనిఖీకి వచ్చినవాళ్ళు మొదట అడిగేది దాన్నే, అందులో ఏమీ రాసి లేకపోతే షాపు మీదే అనుమానపడతారు. బయటికి వెళ్ళి స్నేహితుణ్ణి లోపలికి పంపినా, అతను మీతో వచ్చినవాడే అని గుర్తుపడితే అతనికీ ఇవ్వరు. ఇంటికెళ్ళి కార్డు తెచ్చుకోండి, అదే కుర్రాడు మర్యాదగా బిల్లు కొడతాడు.