నెవార్క్ నుంచి హార్లెమ్ దాకా: జాజ్‌ని దాచిపెట్టినవాళ్ల వెంట

పిల్లల దగ్గరికని న్యూజెర్సీ వచ్చే తెలుగు తల్లిదండ్రులకి చూడాల్సిన చోట్ల జాబితా ముందే రాసి ఉంటుంది. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి, ఓక్ ట్రీ రోడ్డు, లిబర్టీ విగ్రహం, ఓపికుంటే నయాగరా. ఆగస్టు నెలాఖరులో ఎడిసన్‌లో మా అమ్మాయి ఇంట్లో దిగాక, నెవార్క్‌లో ఒక లైబ్రరీ చూడాలని నేను అనేసరికి అది నవ్వింది. "నెవార్క్‌లో ఎయిర్‌పోర్టు తప్ప ఏముంది నాన్నా?"

చాలా ఉంది. జాజ్ గాయని సారా వాన్ పుట్టిన ఊరు అది, శాక్సొఫోన్ వాయించే వేన్ షార్టర్ కూడా అక్కడివాడే. రట్గర్స్ యూనివర్సిటీ నెవార్క్ క్యాంపస్‌లో, డానా లైబ్రరీ నాలుగో అంతస్తులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జాజ్ స్టడీస్ ఉంది. మార్షల్ స్టెర్న్స్ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ 1952లో న్యూయార్క్‌లో తన ఇంట్లోనే మొదలుపెట్టిన సేకరణ అది. 1966లో రట్గర్స్‌కి వచ్చింది.

నాకు జాజ్ పిచ్చి పట్టించింది కచేరీ కాదు, రేడియో. గుంటూరులో మా పెదనాన్నగారి మర్ఫీ సెట్టు మీద రాత్రిపూట షార్ట్‌వేవ్ తిప్పుతుంటే రేడియో సిలోన్ పక్కకి జరిగి, అమెరికా ప్రభుత్వం విదేశాల కోసం నడిపిన వాయిస్ ఆఫ్ అమెరికా తగిలేది. అందులో జాజ్ కార్యక్రమం నడిపే విల్లిస్ కోనోవర్ గొంతు. లోతుగా, నిదానంగా, ఒక్కో మాటా విడివిడిగా. ఇంగ్లీషు సరిగ్గా రానివాళ్లకి కూడా తెలియాలని ఆయన కావాలనే అలా మాట్లాడేవాడట. నాకు పూర్తిగా అర్థమైన మొదటి అమెరికన్ ఇంగ్లీషు అదే. 1955లో మొదలుపెట్టి, 1996లో పోయేదాకా దాదాపు ఆ పనిలోనే ఉన్నాడు. తూర్పు యూరప్‌లో ఆయన పేరు తెలియని జాజ్ అభిమాని ఉండేవాడు కాదు. సొంత దేశంలో మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ రేడియో అమెరికాలో ప్రసారం చేయకూడదని అప్పట్లో 1948 నాటి చట్టం ఉండేది.

అందుకే జాజ్ జర్నలిస్ట్స్ అసోసియేషన్ వాళ్లు ఇచ్చే అవార్డుల్లో ఆయన పేరు కనిపించినప్పుడు నాకు భలే సంతోషమేసింది. జాజ్ మీద రాసేవాళ్లూ, ప్రసారం చేసేవాళ్లూ, ఫోటోలు తీసేవాళ్లూ కలిసి పెట్టుకున్న సంఘం అది. 1997 నుంచి అవార్డులు ఇస్తోంది. వాయించేవాళ్లకి ఎలాగూ ఉన్నాయి, వాటితోపాటు తమ పని చేసేవాళ్లకీ కొన్ని పెట్టుకున్నారు. ఒక్కోదానికి ఇద్దరి పేర్లు: రచనకి హెలెన్ డాన్స్, రాబర్ట్ పామర్, ప్రసారానికి మరియన్ మెక్‌పార్ట్‌లాండ్, విల్లిస్ కోనోవర్, ఫోటోగ్రఫీకి లోనా ఫుట్, బాబ్ పేరెంట్. ఈ పేర్ల వెనకున్న మనుషులు ఎక్కడ దొరుకుతారో చూద్దామనే ఈ తిరుగుడు.

ఎడిసన్‌లో రైలెక్కి నెవార్క్ పెన్ స్టేషన్‌లో దిగి, లైట్ రైల్ పట్టుకుంటే యూనివర్సిటీ దగ్గరే. దారిలో ఫోన్లో డబ్ల్యూబీజీఓ పెట్టుకున్నాను, 88.3 ఎఫ్‌ఎం. నెవార్క్ నుంచే 1979లో జాజ్ స్టేషన్‌గా మొదలైంది, శ్రోతల చందాలతో నడుస్తుంది. ఇన్‌స్టిట్యూట్‌కి ముందుగా ఈమెయిల్ రాసి టైము తీసుకోవాలి. నేరుగా వెళ్తే అడిగినవి బయటికి తీసి ఉండవు.

అక్కడ ఒక్కో కళాకారుడికీ పత్రికల కత్తిరింపుల ఫోల్డర్ ఉంటుంది. నేను మరియన్ మెక్‌పార్ట్‌లాండ్‌ది అడిగాను. ఆవిడ ఇంగ్లండ్‌లో పుట్టిన పియానిస్టు. 1979 నుంచి మూడు దశాబ్దాలకి పైగా నేషనల్ పబ్లిక్ రేడియోలో ఒక కార్యక్రమం నడిపింది. అతిథిని పిలిచి, రెండు పియానోలు పెట్టుకుని, కాసేపు కబుర్లు, కాసేపు వాయించడం. తనకీ పియానో వచ్చు కాబట్టి "ఆ స్వరం ఎందుకలా వేశావు?" అని అడగగలిగేది. వాయించేవాళ్లు ఆ ప్రశ్నకి మాటలతో కాదు, వేళ్లతో జవాబు చెప్పేవాళ్లు. జాజ్ మీద వ్యాసాలు కూడా రాసింది.

ఫోల్డర్‌లోని కాగితాలు తేనె రంగుకి తిరిగాయి. అంచులు ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. ఎవరో కత్తెరతో గీత మీదే కోశారు, పక్కనున్న ఫర్నిచర్ ప్రకటన సగం సోఫాతో ఆగిపోయింది. పైన మూలకి పెన్సిల్‌తో పత్రిక పేరు, తేదీ. ఆ తేదీ వేసిన మనిషెవరో ఎవరికీ తెలియదు. కానీ అది లేకపోతే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

ఇలాంటి పనికి దిక్కుగా నిలిచినవాడు డాన్ మోర్గెన్‌స్టెర్న్. 1929లో మ్యూనిక్‌లో పుట్టి, వియన్నాలో పెరిగి, నాజీల నుంచి డెన్మార్క్‌కి, అక్కణ్ణుంచి స్వీడన్‌కి తప్పించుకుని, 1947లో అమెరికా చేరాడు. డౌన్‌బీట్ అనే జాజ్ పత్రికకి ఎడిటర్‌గా చేశాడు. 1976 నుంచి 2012 దాకా ఈ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టర్. రికార్డుల అట్టల మీద రాసే వ్యాసాలకి ఎనిమిది గ్రామీలు! పాట పాడకుండా, వాయిద్యం ముట్టుకోకుండా ఎనిమిది. 2024 సెప్టెంబరులో 94 ఏళ్ల వయసులో పోయాడు. జాజ్‌లో చాలా భాగం అప్పటికప్పుడు పుట్టే మనోధర్మం, రెండోసారి అలాగే రాదు. ఆ రాత్రి అక్కడ ఎవరున్నారు, ఎవరు ఎవరి తర్వాత అందుకున్నారు, జనం ఎలా ఉన్నారు అన్నది రాసిపెట్టే మనిషి లేకపోతే మిగిలేది ఏ సంవత్సరమో తెలియని ఒక శబ్దం.

మన దగ్గర బాలాంత్రపు రజనీకాంతరావు గారు ఆకాశవాణిలో పనిచేస్తూనే వాగ్గేయకారుల చరిత్ర రాశారు, 1961లో దానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. బాగుంది. కానీ మన నాదస్వర విద్వాంసుల పాత ఫోటోలు ఎవరు తీశారో, ఆ రాత్రి మైకు ఎవరు సర్దారో అడిగితే చెప్పేవాళ్లేరీ?

న్యూయార్క్‌లోని హార్లెమ్‌కి అమ్మాయి కూడా వచ్చింది, నన్ను ఒంటరిగా పంపడం ఇష్టం లేక. న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో 2 నంబరు సబ్‌వే ఎక్కి 125వ వీధిలో దిగి, ఫిఫ్త్ అవెన్యూ దాటి 17 ఈస్ట్ 126వ వీధికి నడిచాం. మామూలు ఇళ్ల వరస, ముందు మెట్లు. 1958 ఆగస్టు 12న పొద్దున్న పదింటికి ఎస్క్వైర్ పత్రిక కోసం ఆర్ట్ కేన్ ఇక్కడ 57 మంది జాజ్ కళాకారుల్ని నిలబెట్టి ఫోటో తీశాడు. అప్పటికి అతను పేరున్న ఫోటోగ్రాఫర్ కాదు, ఆర్ట్ డైరెక్టర్. తెల్లవార్లూ క్లబ్బుల్లో వాయించి పడుకునేవాళ్లని పొద్దున్న పదింటికి రమ్మనడమే సాహసం. వచ్చినవాళ్లు ఒకర్నొకరు చూసుకుని కబుర్లలో పడ్డారు, ఎంత అరిచినా వరసలోకి రారు. పెద్ద బృందం నడిపే పియానిస్టు కౌంట్ బేసీకి నిలబడి కాళ్లు నొప్పెట్టి, ఫుట్‌పాత్ అంచున పిల్లల పక్కన కూర్చుండిపోయాడు. ఇంకో పియానిస్టు విల్లీ స్మిత్ పక్కింటి మెట్ల మీద చతికిలబడటంతో అచ్చయిన ఫోటోలో లేకుండా పోయాడు. మన పెళ్లిళ్లలో గ్రూపు ఫోటో దగ్గర జరిగే గందరగోళమే.

అంతమందిలో ఆడవాళ్లు ముగ్గురే: మేరీ లూ విలియమ్స్, మాక్సిన్ సలివన్, ఇందాకటి మరియన్ మెక్‌పార్ట్‌లాండ్. బాస్ వాయించే మిల్ట్ హింటన్ తానూ మంచి ఫోటోగ్రాఫరే. ఆ రోజు తన కెమెరాతో వచ్చాడు, భార్య మోనా చేతికి హోమ్ మూవీ కెమెరా ఇచ్చాడు. ఆవిడ తీసిన ఆ కాస్త ఫిల్మూ తర్వాత జీన్ బాక్ చేతికి దొరికింది. జీన్ బాక్ రేడియో ప్రొడ్యూసర్. దాని ఆధారంగా 1994లో ఆ పొద్దుటి మీద డాక్యుమెంటరీయే తీసింది, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

అందరూ ఆ మెట్ల మీద కూర్చుని ఫోటో దిగుతారు. నేను ఎదురు ఫుట్‌పాత్ మీదికి వెళ్లి నిలబడ్డాను, కేన్ ఉన్న వైపు. వీధి నేననుకున్నదానికన్నా ఇరుకు. 57 మందిని, పిల్లల్ని, పై కిటికీలోంచి తొంగిచూసేవాళ్లని ఒక్క ఫ్రేములో ఇమడ్చాలంటే వెనక్కి జరగడానికి ఇంకెంతో చోటు లేదు. "నాన్నా, కారొస్తోంది, పక్కకి రండి" అని అమ్మాయి కేకేసే దాకా కొలుస్తూనే ఉన్నాను.

తర్వాత కాఫీకి ఆగిన చోట గోడ మీద అదే ఫోటో, నిలువెత్తున. కింద కళాకారుల పేర్లు వరసగా ఉన్నాయి. తీసినవాడి పేరు లేదు. నాకు ఒళ్లు మండింది. "పోనీలే నాన్నా, వాళ్లకేం తెలుసు" అంది అమ్మాయి. తెలియకపోవడమే కదా నా బాధ! విలియం గాట్లీబ్ సంగతే తీసుకోండి. వాషింగ్టన్ పోస్ట్‌లో జాజ్ కాలమ్ రాసేవాడు, రేడియోలోనూ మాట్లాడేవాడు. ఫోటోగ్రాఫర్‌కి డబ్బులివ్వం అని పత్రిక అంటే తనే స్పీడ్ గ్రాఫిక్ కెమెరా కొనుక్కున్నాడు. ఫ్లాష్ బల్బుల ఖర్చుకి భయపడి రాత్రికి మూడో నాలుగో క్లిక్కులు, అంతే. ఇవాళ గాయని బిల్లీ హాలిడే అనగానే కళ్లముందు మెదిలే ముఖం ఆయన తీసిందే. ఆయన కోరిక ప్రకారం 2010 నుంచి ఆ ఫోటోలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కనీసం పేరు వేయడానికి ఏం రోగం?

దగ్గర్లోనే, 58 వెస్ట్ 129వ వీధిలో నేషనల్ జాజ్ మ్యూజియం. చిన్నది, బ్యాండ్ లీడర్ డ్యూక్ ఎలింగ్టన్ తెల్ల పియానో చూసి చాలామంది బయటికి వచ్చేస్తారు. నేను వెళ్లింది బిల్ సేవరీ కోసం. 1930ల చివర్లో న్యూయార్క్‌లో సౌండ్ ఇంజనీరు. రాత్రిళ్లు రేడియోలో లైవ్‌గా వచ్చే జాజ్‌ని తన డిస్కుల మీదికి ఎక్కించుకునేవాడు. అప్పటి బజారు రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకి మించదు, ఎంత గొప్ప వాద్యగాడైనా దానిలోనే సర్దుకోవాలి. సేవరీ పెద్ద డిస్కులు వాడేవాడు కాబట్టి వాళ్లు తీరిగ్గా వాయించింది తీరిగ్గానే ఉండిపోయింది. దాదాపు వెయ్యి డిస్కులు. 2004లో పోయేదాకా ఎవరికీ పెద్దగా వినిపించలేదు. 2010లో ఈ మ్యూజియం చేతికి వచ్చాయి. బేసీ బృందంలో లెస్టర్ యంగ్ శాక్సొఫోన్ వాయించినవి హెడ్‌ఫోన్‌లో విన్నాను. మధ్యలో జనం ఈలలు కూడా ఉన్నాయి.

వెనక్కి వెళ్లేటప్పుడు అల్లుడు కారుతో వచ్చాడు, రేడియో పెట్టించాను. ఆగస్టు 27 లెస్టర్ యంగ్ పుట్టినరోజు, 29 ఇంకో శాక్సొఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్‌ది. కొలంబియా యూనివర్సిటీ రేడియో డబ్ల్యూకేసీఆర్ ఏటా ఆ మూడు రోజులూ రాత్రింబవళ్లు వాళ్లిద్దరివే వేస్తుంది. 2021లో పోయిన ఫిల్ షాప్ ఆ స్టేషన్‌కి నేర్పిన పద్ధతి ఇది: పాట వేయడంతో సరిపెట్టకుండా, అది ఎప్పుడు, ఎవరితో, ఏ టేకులో అన్నది విడమరచడం. "మావయ్యగారూ, పాట ఎప్పుడు మొదలవుతుందండీ?" అన్నాడు అల్లుడు లింకన్ టన్నెల్ దగ్గర. అనౌన్సర్ ఇంకా తేదీల దగ్గరే ఉన్నాడు. నాకైతే ఆ తేదీలే కమ్మగా ఉన్నాయి.

ఇంకో సోమవారం రాత్రి విలేజ్ వాన్‌గార్డ్‌కి వెళ్లాం. 1935లో మాక్స్ గోర్డన్ తెరిచిన నేలమాళిగ క్లబ్బు. 1966 నుంచి సోమవారాలు బిగ్ బ్యాండ్‌కే, అంటే పెద్ద వాద్యబృందానికే. గోడలనిండా ఫోటోలు, అయినా వాయిస్తుండగా మనం ఫోటో తీయకూడదు, రికార్డు చేయకూడదు. ఫోన్లు లోపల పెట్టమని ముందే చెప్తారు. అమ్మాయికి అది అన్యాయం అనిపించింది. నాకు న్యాయమే అనిపించింది. అందరూ చేతులెత్తి ఫోన్లు పట్టుకుంటే ఆ ఇరుకులో ట్రాంబోన్లు కూడా కనపడవు.

కోనోవర్ రికార్డులూ కాగితాలూ ఇక్కడెక్కడా లేవు. టెక్సస్‌లో డెంటన్ ఊళ్లో, నార్త్ టెక్సస్ యూనివర్సిటీలో ఉన్నాయి. మా తమ్ముడి కొడుకు ఫ్రిస్కోలో ఉంటాడు, అక్కణ్ణుంచి అరగంట డ్రైవ్. ఫోన్ చేశాను. "తప్పకుండా రండి పెదనాన్నా, కానీ డెంటన్‌లో చూడ్డానికి ఏమీ లేదే" అన్నాడు. టికెట్లు చూస్తున్నాను.