గజాల లెక్క, ఎకరాల లెక్క

అమెరికాలో శనివారం రాత్రి జరిగే కళాశాల అమెరికన్ ఫుట్‌బాల్ పోటీలను అమలాపురంలోని మా ఇంట్లో ఆదివారం తెల్లవారుజామున చూసే నాకు, వైడ్ రిసీవర్లకు, అంటే విసిరిన బంతిని అందుకుని ముందుకు తీసుకెళ్లే ఆటగాళ్లకు, అలా సాధించిన మొత్తం గజాలను బట్టి విలువ కట్టడం సరైనదిగా తోచదు. సార్వా కోతలయ్యాక మా కోనసీమలో ఎవరూ మొత్తం బస్తాలు అడగరు. ఎకరానికి ఎన్ని పండాయని అడుగుతారు. రిసీవర్‌కు ఆ ఎకరం, పాస్ కోసం, అంటే తనవైపు విసిరే బంతి కోసం, అతడు పరుగెత్తిన ప్రతి రూటు.

2019లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయ జట్టులో జో బర్రో విసిరిన బంతులనే అందుకున్న ఇద్దరిని చూడండి. జమార్ చేజ్ 84 క్యాచ్‌లతో 1,780 గజాలు, జస్టిన్ జెఫర్సన్ 111 క్యాచ్‌లతో 1,540 గజాలు సాధించారు; అంటే, రూట్ల లెక్క పక్కన పెట్టి క్యాచ్‌లను బట్టి చూస్తే, క్యాచ్‌కు చేజ్ సగటు 21 గజాలు దాటగా, జెఫర్సన్‌ది 14కు కాస్త తక్కువ. అయితే చేజ్ మైదానం అంచున దూరపు బంతులకు పరుగెత్తేవాడు, జెఫర్సన్ ఎక్కువగా లోపలి వైపు స్లాట్ స్థానంలో ఆడేవాడు కనుక, ఈ తేడాలో స్థానం వల్ల వచ్చినదెంతో విడదీయకుండా తీర్పు చెప్పడం అన్యాయం. ప్రొఫెషనల్ జట్లు కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2020లో 22వ ఎంపిక వరకు మిగిలిపోయిన జెఫర్సనే 2022లో ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అందరికన్నా ఎక్కువగా 1,809 గజాలు సాధించాడు.

అందుకే రూటుకు వచ్చే గజాల సగటుతో పాటు, జట్టు మొత్తం పాసింగ్ గజాలలో ఆటగాడి వాటాను, అతని వయసును కూడా నా నోటు పుస్తకంలో రాసుకుంటాను. 19 ఏళ్ల కుర్రవాడు సాధించిన పెద్ద వాటాకు, 23 ఏళ్లవాడి అంతే వాటాకన్నా నేను ఎక్కువ విలువ ఇస్తాను.