వరద కేంద్రంలో మనసును కొలవబోయే వాళ్ళకు

వరద వచ్చిన పదో రోజున డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి పట్టుకుని పునరావాస కేంద్రంలో కూర్చుంటే ఏం వస్తుందో లెక్క వేసి చూద్దాం. అందులో తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి. ఒక్కో దానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. స్కోరు 10కి చేరితే డిప్రెషన్ ఉండొచ్చని లెక్క. మూడో ప్రశ్న నిద్ర, నాలుగోది నీరసం, ఐదోది ఆకలి. హైస్కూలు గదిలో దోమల మధ్య, ఎవరి బిడ్డో ఏడుస్తుంటే కటిక నేల మీద పడుకునే మనిషికి ఈ మూడింట్లోనే 9 వచ్చేస్తాయి. పొలంలో ఇసుక మేట వేసిందన్న దిగులుకు ఇంకొక్క మార్కు పడితే చాలు, ఆ మనిషి ‘కేసు’. వ్యాసంలో బాధితుల్లో ఇంత శాతం మందికి డిప్రెషన్ అని రాస్తారు. నిజానికి మీరు కొలిచింది పడకనూ భోజనాన్నీ.

పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక జబ్బు, దాని సంగతీ అంతే. మానసిక వైద్యులు జబ్బు నిర్ధారణకు వాడే డీఎస్‌ఎం-5 పుస్తకం ప్రకారం లక్షణాలు నెలకు మించి ఉంటేనే ఆ పేరు పెట్టాలి. మూడో రోజున పీడకలలు రావడం, వాన చప్పుడుకు ఉలిక్కిపడటం జబ్బు కాదు. చాలామందిలో అవి వాటంతటవే తగ్గిపోతాయి. జరిగిందంతా ఒకే దఫాలో చెప్పించి ఏడిపించే ‘డీబ్రీఫింగ్’ను ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. సర్వే పేరుతో మనం చేసేదీ ఒక్కోసారి అదే, కాకపోతే చివర్లో సంతకం పెట్టించుకుంటాం.

మరి మొదటి నెలలో ఏం అడగాలి? ఏమేం కొరవగా ఉన్నాయి, ఎవరికి కొరవ, ఎవరు సాయపడుతున్నారు, ఆ సాయం అందుతోందా. దీనికి హెస్పర్ అనే సాధనం ఉంది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, లండన్ కింగ్స్ కాలేజీ కలిసి తెచ్చాయి. తాగునీరు, మరుగుదొడ్డి, భద్రత, అయినవాళ్ళకు దూరం కావడం లాంటి 26 అవసరాల మీద, ఇది మీకు పెద్ద సమస్యగా ఉందా అని అడుగుతుంది. చివర్లో వాటిలో ముఖ్యమైన మూడు చెప్పమంటుంది. చూడటానికి సాదాగా ఉంటుంది కాబట్టి థీసిస్‌కు సరిపోదని గైడ్లు మొహం చిట్లిస్తారు. నా లెక్కలో మాత్రం మొదటి నాలుగు వారాలకు ఇంతకన్నా పనికొచ్చేది లేదు.

2007లో ఐఏఎస్‌సీ, అంటే విపత్తుల్లో సాయం చేసే అంతర్జాతీయ సంస్థల ఉమ్మడి కమిటీ, ఇచ్చిన మార్గదర్శకాలు మానసిక సాయాన్ని నాలుగు అంతస్తులుగా చూపించాయి. అడుగున కనీస సేవలు, భద్రత. దాని మీద కుటుంబం, ఊరు ఇచ్చే ఆసరా. ఆ పైన శిక్షణ పొందిన మామూలు కార్యకర్తల సాయం. శిఖరాన సైకియాట్రిస్టు. మన పరిశోధనలన్నీ శిఖరం చుట్టూ తిరుగుతాయి. రెండో అంతస్తు కొలవడం కష్టమేమీ కాదు: డ్వాక్రా సంఘం మీటింగు మళ్ళీ మొదలైందా, భజన మందిరం తెరిచారా, బడి ఎప్పటి నుంచి నడుస్తోంది, ఈ వారంలో ఇంటికి బంధువులెవరైనా వచ్చారా. ఇవి రాసుకోకుండా స్కోర్లు మాత్రమే తెస్తే, ఆ స్కోరు ఎందుకు తగ్గిందో మీరు ఎప్పటికీ చెప్పలేరు.

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ‘బాధితుడు’ ఒకే రకం కాదు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి ఇళ్ళు మునిగినవాళ్ళు ఒకరు. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట లీకైనప్పుడు, తెగుతుందన్న భయంతో ముందే ఊరు ఖాళీ చేసినవాళ్ళు ఇంకొకరు. మొదటివాళ్ళది నష్టం, రెండోవాళ్ళది భయం. ఇద్దరినీ ఒకే గడిలో టిక్కు పెడితే విశ్లేషణలో ఏమీ మిగలదు. నీళ్ళు ఇంట్లోకి ఎంత ఎత్తు వచ్చాయి, ఎన్ని రాత్రులు బయట ఉన్నారు, పశువులు పోయాయా, ఎవరైనా చనిపోయారా అని విడివిడిగా అడగండి.

ఇప్పుడు అసలు తలనొప్పి. కాగితం, పెన్ను కనిపిస్తే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పరిహారం జాబితా. “ఏమన్నా ఇస్తారా సామీ?” అని అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్న. బాధ ఎక్కువ చెబితే పేరు ఎక్కుతుందని కొందరు అనుకుంటారు. పిచ్చి అని రాస్తారేమోనని కొందరు అసలు నోరు విప్పరు. అందుకే వీఆర్వోతో గానీ సచివాలయం సిబ్బందితో గానీ కలిసి వెళ్ళొద్దు, అనుమతి మాత్రం ముందే తీసుకోండి. మొదటి మాటే ఇలా ఉండాలి: “అమ్మా, ఇది నష్టపరిహారానికి రాసుకునేది కాదు. మీరు చెప్పినా చెప్పకపోయినా మీకు రావాల్సింది ఆగదు, కొత్తగా ఏమీ రాదు.” మధ్యలో ఇంకోసారి చెప్పండి, ఎందుకంటే మొదటిసారి ఎవరూ నమ్మరు.

పగలు కేంద్రానికి వెళితే ముసలివాళ్ళు, పసిబిడ్డల తల్లులు మాత్రమే దొరుకుతారు. మిగతావాళ్ళు ఇంట్లో బురద ఎత్తుతుంటారు. సాయంత్రం వెళితే అందరూ ఉంటారు, కానీ చాటు ఉండదు. అత్తగారు పక్కనే కూర్చున్నప్పుడు కోడలు ఇచ్చిన జవాబును జవాబుగా లెక్కపెట్టొద్దు. నెల దాటాక, ఇళ్ళకు తిరిగి చేరాక ఇంటింటి జాబితా సొంతంగా తయారు చేసుకోవడమే మేలు. రేషన్ కార్డుల జాబితా వాడితే కార్డు లేనివాళ్ళు తప్పిపోతారు. చెరువు గట్ల మీద గుడిసెలు వేసుకున్న యానాది కుటుంబాలను ప్రత్యేకంగా వెతకండి.

ఎంతమందిని అడగాలి? 20 శాతం మందిలో సమస్య ఉంటుందనుకుని, 5 శాతం అటూ ఇటూ తేడాతో లెక్కిస్తే 246 వస్తుంది. కానీ ఊళ్ళవారీగా ఎంచుతున్నాం, ఒక ఊరివాళ్ళ కష్టాలు ఒకేలా ఉంటాయి. కాబట్టి ఆ పోలికను సరిచేయడానికి వాడే గుణకం, డిజైన్ ఎఫెక్ట్, 2 వేసుకుంటే 492. పదిశాతం మంది దొరకరనుకుంటే 547. కటాఫ్ దగ్గర, అంటే జబ్బు ఉండొచ్చని లెక్కపెట్టే స్కోరు దగ్గర, ఇంకో ఉచ్చు. ఒక సాధనం జబ్బున్న వందలో 80 మందిని పట్టుకుంటుంది, లేని వందలో 80 మందిని సరిగ్గా వదిలేస్తుంది అనుకోండి. మీ ఊళ్ళో వందలో పదిమందికే జబ్బుంటే, అది 8 మందిని పట్టుకుని, మిగిలిన 90 మందిలో 18 మందిని ఊరికే కలుపుతుంది. 26 మందిలో నిజమైనవాళ్ళు ఎనిమిదే. అందుకే స్క్రీనింగ్ స్కోరును రోగుల సంఖ్య అని రాయకూడదు. కొందరినైనా సైకియాట్రిస్టు చేత చూపించి, కటాఫ్ ఇక్కడికి నప్పుతుందో లేదో తేల్చుకోవాలి.

ప్రశ్నల అనువాదం ఇద్దరు విడివిడిగా చేయాలి, మూడో మనిషి మూలం చూడకుండా దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. తర్వాత ఎనిమిది, పదిమందికి చదివి వినిపించి “మీకేం అర్థమైంది?” అని అడగాలి. సత్యవేడు, నగరి వైపు తమిళం, కుప్పం వైపు తమిళంతో పాటు కన్నడం కూడా కావాలి. అప్పటికప్పుడు నోటితో అనువదించి అడిగే ఇంటర్వ్యూలను పారేయడమే మంచిది.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా ఫారం అక్కడ ఆపాలి. ఎలా అనే ఆలోచన ఉందా, ఇంతకుముందు ప్రయత్నించారా, పురుగుల మందు ఇంట్లో ఉందా అని అడగాలి. ఒంటరిగా వదలకూడదు. సూపర్‌వైజర్ అప్పటికప్పుడే సైకియాట్రిస్టుకు ఫోన్ చేయాలి. మందు డబ్బాలు ఇంటి నుంచి బయటికి పోవాలి. తిరుపతి రుయా ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, ఆటో ఖర్చు ఎవరిది అన్నది ముందే రాసి ఉండాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీమానస్ 14416 నంబరు కార్డు మీద ఇవ్వండి, కానీ కార్డు ఇచ్చి వచ్చేయడం రెఫరల్ కాదు. పోలీసు కేసవుతుందని దాచిపెట్టేవాళ్ళుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్ష ఉండదు. ఈ విషయం ఇంటర్వ్యూ చేసే ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి. ఇంత ఏర్పాటు లేకపోతే ఆ ప్రశ్నే కాదు, ఆ సర్వేనే వద్దు.

చికిత్సను పరీక్షించాలనుకుంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన పీఎం ప్లస్ అనే పద్ధతి ఉంది: వారానికొకటి చొప్పున ఐదు కూర్చోవడాలు, ఒక్కోటి 90 నిమిషాలు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్త చాలు. కేంద్రంలో మొదలుపెడితే రెండో వారానికి మనుషులే ఉండరు, ఇళ్ళకు చేరాకే పెట్టుకోవాలి. చికిత్స ఎవరికి ఇవ్వాలో తేల్చే లాటరీ వ్యక్తులవారీగా కాక ఊళ్ళవారీగా తీయండి. ఒకే వీధిలో ఒకరు నేర్చుకున్న శ్వాస అభ్యాసం సాయంత్రానికి పక్కింటికి చేరిపోతుంది. మొదటి మనిషిని చేర్చకముందే చికిత్సా పరీక్షల జాతీయ రిజిస్టరు సీటీఆర్‌ఐలో నమోదు కావాలి. ఫోన్ నంబర్లు రెండు తీసుకోండి, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువుది.

జిల్లా లెక్కలతో పోల్చేవాళ్ళకు ఒక మాట. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయింది. అప్పుడు గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి నెల్లూరు నుంచి వచ్చి కలిశాయి. పాత చిత్తూరు అంకెల పక్కన కొత్త తిరుపతి అంకెలు పెడితే పోలిక కుదరదు, మండలాలవారీగా తీసుకోండి.

ఎథిక్స్ అనుమతి కోసం వరద వచ్చాక పరుగెత్తితే కుదరదు. విపత్తుల కోసం ముందస్తుగా ప్రోటోకాల్ సిద్ధం చేసుకోవడానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో దారి ఉంది. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. కాబట్టి జూన్‌లో కమిటీకి పత్రాలు, ఆగస్టులో అనువాదం, సెప్టెంబరులో శిక్షణ. వరద వచ్చాక మిగిలేది తేదీలు, ఊళ్ళ పేర్లు నింపి సవరణగా పంపడమే.