‘బానే ఉంది’ అన్న మాట

ఇక్కడ అమెరికాలో మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు స్కూల్ కౌన్సెలర్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకసారి వచ్చి కలవమన్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కౌన్సెలింగ్ అంటే నాకు తెలిసినవి రెండే: ఎంసెట్ సీట్ల కౌన్సెలింగ్, పేపర్లో చదివే రౌడీషీటర్ల కౌన్సెలింగ్. పిల్ల ఏం తప్పు చేసిందోనన్న టెన్షన్‌తోనే వెళ్లాను.

చిన్న గది. గుండ్రటి బల్ల, దాని మీద టిష్యూల డబ్బా. లంచ్ ఎవరితో తింటున్నావని ఆవిడ మా అమ్మాయిని అడిగింది. “ఫ్రెండ్స్‌తోనండీ” అని నేను చెప్పాను. రాత్రుళ్లు నిద్ర పడుతోందా అని అడిగింది. దానికీ నేనే జవాబు చెప్పాను. మూడోసారి ఆవిడ నా వైపు చూసి చిన్నగా నవ్వి, మళ్లీ పిల్ల వైపు తిరిగి ఊరుకుంది. ఆ కాసేపు నోరు మెదపకుండా ఉండడం కోసం నేను హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీస్తూ, వేస్తూ కూర్చున్నాను. అప్పుడు చెప్పింది నా కూతురు. స్నేహితురాలు వేరే ఊరు వెళ్లిపోయినప్పటి నుంచి, మూడు నెలలుగా లైబ్రరీలో ఒక్కతే కూర్చుని తింటోందట.

నేను రోజూ అడిగేదాన్ని. రోజూ “బానే ఉంది” అనేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెలుగు మర్చిపోకూడదని ఇంట్లో తెలుగే మాట్లాడాం కదా, ఏ తెలుగు మాట్లాడామని ఆలోచించాను. లే, తిను, తొందరగా రా, హోంవర్క్ చెయ్యి, ఫోన్ పక్కన పెట్టు. బెంగ, దిగులు, ఉక్రోషం లాంటి మాటలు దాని చెవిన పడనే లేదు. నేను హాస్టల్ నుంచి చిక్కిపోయి వస్తే మా అమ్మ “ఏంటే, బెంగ పెట్టుకున్నావా?” అని గడ్డం పట్టుకునేది. నేను దాన్ని అలా ఎప్పుడూ అడగలేదు.

ఆ గదిలో కూర్చునే పని నేనూ నేర్చుకోవాలని అప్పుడే అనుకున్నాను. నాది హెచ్-4 వీసా, అంటే మావారి ఉద్యోగ వీసా మీద భార్యగా వచ్చింది. దాని మీద చదువుకోవచ్చు. పని చేయడానికి మాత్రం వర్క్ పర్మిట్ కావాలి. 2015లో వచ్చిన నిబంధన వల్ల, మావారి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటి ఉండడంతో నాకు అది దొరికింది. మాది కాలిఫోర్నియా. గుంటూరులో చేసిన మూడేళ్ల బీకాంకి ఎంకాం కూడా జతచేసి, ఇక్కడి డిగ్రీకి సమానమని చూపడానికి ఎవాల్యుయేషన్ చేయించాను. అప్పట్లో సీబెస్ట్ అనే పరీక్ష (చదవడం, రాయడం, లెక్కలు) రాయాల్సి వచ్చింది.

తోటి అమ్మలు నన్ను తరచూ అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెబుతాను. లైసెన్స్, సర్టిఫికేషన్ ఒకటి కావు. బడిలో పనిచేయడానికి కావాల్సింది టీచర్ల క్రెడెన్షియల్ కమిషన్ ఇచ్చే పీపీఎస్ (ప్యూపిల్ పర్సనెల్ సర్వీసెస్) క్రెడెన్షియల్, అంటే సర్టిఫికేషన్. దానికి 48 సెమిస్టర్ యూనిట్ల పీజీ చదువు, 100 గంటల ప్రాక్టికం (కౌన్సెలింగ్ సాధన), ఆపైన ఇప్పుడైతే 800 గంటల ఫీల్డ్‌వర్క్, వేలిముద్రల తనిఖీ ఉంటాయి. బయట సొంతంగా థెరపీ చేయాలంటే ఎల్‌పీసీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ క్లినికల్ కౌన్సెలర్) లైసెన్స్ వేరే తీసుకోవాలి. దానికి డిగ్రీ అయ్యాక మరో 3,000 గంటలు పర్యవేక్షణలో పనిచేయాలి. ఇతర రాష్ట్రాల లెక్కలు వేరు, మీ రాష్ట్ర విద్యాశాఖ సైట్ చూసుకోండి.

పరీక్షల కంటే కష్టమైంది వినడం. ప్రాక్టికంలో మా మాటలు రికార్డు చేసుకుని, తిరిగి విని, అక్షరం పొల్లుపోకుండా రాయాలి. మొదటి టేపు విన్నప్పుడు సిగ్గేసింది. ఎదుటివాళ్లు ఊపిరి తీసుకునేలోగా నేను సలహా చెప్పేస్తున్నాను. “అలా అనుకోకూడదు” అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో! ప్రేమ అనుకుని నేను ఇంట్లో చేస్తున్నదీ అదే.

ఇప్పుడు నేను ఒక మిడిల్ స్కూల్లో పనిచేస్తున్నాను. ఒక్కో కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలే ఉండాలని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ల సంఘం చెబుతుంది. మా రాష్ట్రంలో చాలా బడుల్లో అంతకు మించే ఉంటారు. గుళ్లోనో పుట్టినరోజు పార్టీలోనో ఎవరో ఒకరు పక్కకి పిలుస్తారు. “అక్కా, మావాడు మీ దగ్గరికి వస్తున్నాడట, ఏం చెబుతున్నాడు?” ఆ గొంతులో ఆదుర్దా నాకు బాగా తెలుసు, నాదీ ఒకప్పుడు అదే గొంతు. కానీ 12 ఏళ్లు నిండిన పిల్లలు నమ్మి చెప్పింది బయటపెట్టకూడదని ఇక్కడి చట్టం. ప్రాణాపాయం ఉందనిపిస్తే సంగతి వేరు. పిల్లల్ని కొడుతున్నారని అనుమానం వస్తే వెంటనే అధికారులకు ఫోన్ చేసి, 36 గంటల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి. మనవాళ్ల ఇల్లయినా తప్పదు. అలాంటి రోజు ఇంటికొచ్చాక నాకు అన్నం సహించదు. అయినా ఆ చట్టం ఉండి తీరాలనే నేను నమ్ముతాను.

గుళ్లో అడిగిన వాళ్లకి ఒకటే చెబుతాను. “వాణ్ని కార్లో పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట అడుగు. అడిగాక కాసేపు ఆగు.”

మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. థాంక్స్‌గివింగ్ సెలవులయ్యాక ఎయిర్‌పోర్టుకి బయల్దేరుతూ, సీటు బెల్టు పెట్టుకుంటూ “అమ్మా, ఈసారి బెంగగా ఉంది” అంది.

“ఎవరి మీద?” అన్నాను.

డిపార్చర్స్ గేటు దాకా చెబుతూనే ఉంది.